బ్యాటరీ అరుగుదల: కొలత ఎవరి చేతిలో వుంది?

కొలతల చరిత్ర అనగానే చాలామంది అది లెక్కల పండితులకు సంబంధించిన సంగతి అనుకుంటారు. మన పల్లెల్లో మాత్రం కొలత ఎన్నడూ వట్టి లెక్కగా లేదు. కళ్లంలో ధాన్యం రాసి పోసినప్పుడు కుంచం ఎవరిది, కొలిచే మనిషి ఎవరి మనిషి, కుంచాన్ని గోపురంగా నింపాలా, అంచుకు సమంగా చదును చేయాలా అన్న ప్రశ్నల మీద కౌలురైతు ఏడాది బతుకు ఆధారపడి వుండేది. 1956లో దేశమంతటికీ ఒకే తూనికలు కొలతల చట్టం వచ్చి, శేర్లూ వీశెలూ పోయి కిలోలు వచ్చినప్పుడు, సంతలో కొనేవాడికి దక్కినది దశాంశ పద్ధతి ఒక్కటే అనుకోకూడదు. అమ్మేవాడి తక్కెడ మీద మూడోవాడి ముద్ర వుండాలన్న సూత్రం కూడా అతనికి దక్కింది.

ఆ సూత్రాన్ని దృష్టిలో పెట్టుకుని, చూడటానికి చాలా చిన్నదిగా కనిపించే ఒక విషయాన్ని ఇక్కడ పరిశీలించదలిచాను. మన చేతిలోని ఫోను బ్యాటరీ ఎంత అరిగిపోయిందో మనకు ఎలా తెలుస్తుంది? తెలిపేదెవరు? ఆ తెలిపేవాడి మాటను దేనితో సరిచూసుకోవాలి? ఫోను ఇవాళ విలాసవస్తువుగా లేదు. ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రవాడికీ, ఆటో నడిపేవాడికీ, కూలి డబ్బు ఫోను ద్వారానే అందుకునే తాపీపనివాడికీ అది పనిముట్టు. పనిముట్టు ఎప్పుడు అరుగుతుందో తెలియనివాడు దాని ధర రెండుసార్లు చెల్లిస్తాడు.

ఈ ప్రశ్నకు మొదట తేలికైన జవాబు వుండేది. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంతే సీసపు పలకలను గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ చార్జి చేయగల మొదటి బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కమీల్ ఫోర్ ఆ పలకలకు సీసపు భస్మాన్ని ముద్దచేసి పూసే పద్ధతి కనిపెట్టాక అది కర్మాగారాల్లో తయారయ్యే సరుకయింది. ఈ బ్యాటరీకి ఒక గొప్ప సుగుణం వుంది. అందులోని ద్రావకమే దాని స్థితిని బయటపెడుతుంది. నిండా చార్జి వున్నప్పుడు ద్రావకం బరువెక్కి, దాని సాంద్రత నీటి సాంద్రతకు సుమారు 1.26 రెట్లు వుంటుంది. ఖాళీ అయ్యేకొద్దీ ఆమ్లం పలకల్లోకి ఇంకిపోయి ద్రావకం పలచబడుతుంది. గాజుగొట్టంలో తేలే హైడ్రోమీటరు ఒకటి చేతిలో వుంటే చాలు.

విజయవాడ ఆటోనగర్లోనైనా, ఏ చిన్న వూరి లారీ షెడ్డులోనైనా బ్యాటరీ మేస్త్రీ చేసే మొదటి పని ఇదే. రబ్బరు బుడ్డి నొక్కి ద్రావకాన్ని పైకి పీల్చి, గ్రావిటీ ఎంతుందో చూస్తాడు. ఆరు గదుల్లో ఐదు సరిగ్గా వుండి, ఎంత చార్జి చేసినా ఒక గది మాత్రం పైకి లేవకపోతే ఆ బ్యాటరీకి కాలం చెల్లిందని చెబుతాడు. ఆ గాజుగొట్టం బ్యాటరీ తయారుచేసిన కంపెనీది కాదు. మేస్త్రీ చదువుకున్నవాడు కానక్కరలేదు. లారీ యజమాని పక్కనే నిలబడి ఆ గీతను తన కళ్లతో చూడవచ్చు. ఇద్దరికీ తగవు వస్తే మరో షెడ్డుకు పోయి మరో గొట్టంతో కొలిపించవచ్చు. కొలత బహిరంగంగా వుండటమంటే ఇదే.

ఆ కాలంలోనే ఇంకొక సంగతి కూడా తేలింది. 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పొయికెర్ట్, ఒకే సీసపు బ్యాటరీ నెమ్మదిగా వాడితే ఎక్కువ శక్తినీ, తొందరగా పిండితే తక్కువ శక్తినీ ఇస్తుందని సూత్రీకరించాడు. అంటే బ్యాటరీ సామర్థ్యం రాయి బరువులాంటి స్థిరమైన సంగతి కాదన్నమాట. ఏ పరిస్థితుల్లో కొలిచామో చెప్పకుండా ఎంత వుందో చెబితే ఆ మాటకు అర్థం వుండదు. నేటి ఫోనుల్లో కనిపించే అంకెను చదివేటప్పుడు నూటపాతికేళ్లనాటి ఈ పాఠం మరిచిపోకూడదు.

తరువాత వచ్చినవి నికెలు, కాడ్మియం బ్యాటరీలు. 1899లో స్వీడన్ దేశస్థుడు యుంగ్నర్ వీటిని కనిపెట్టినా, ఇంటి వస్తువుల్లోకి అవి విస్తారంగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలోనే. వీటితోపాటే ఒక నమ్మకం కూడా మన ఇళ్లలోకి వచ్చింది. పూర్తిగా ఖాళీ చేశాకనే చార్జి చేయాలనీ, కొత్త ఫోనును మొదటిరోజు ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు చార్జిలో పెట్టాలనీ దుకాణాల్లో ఈనాటికీ చెప్పేవాళ్లున్నారు. దీన్ని మూఢనమ్మకమని నవ్వి వూరుకోవడం సరికాదు. నికెలు బ్యాటరీల విషయంలో ఈ సలహాకు కొంత ఆధారం వుంది. పదేపదే కొద్దికొద్దిగా వాడి నింపితే వాటి వోల్టేజి ముందుగానే కుంగుతుంది, పూర్తిగా ఖాళీచేసి నింపితే తిరిగి కోలుకుంటుంది. లోపలి పదార్థం మారిపోయింది, సలహా మాత్రం నిలిచిపోయింది. పదార్థం మారిన సంగతి వినియోగదారుకు ఎవరూ విడమరచి చెప్పకపోతే పాత అనుభవమే కొత్త శాస్త్రంగా చెలామణి అవుతుంది. తప్పు అనుభవానిది కాదు, చెప్పకపోవడానిది.

లిథియం చరిత్ర 1970ల చమురు సంక్షోభంతో ముడిపడి వుంది. చమురు కంపెనీ ఎక్సాన్ తన ప్రయోగశాలలోనే చమురుకు ప్రత్యామ్నాయం వెదికించింది. అక్కడ స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం అయానులు పొరలు పొరలుగా వున్న పదార్థంలోకి దూరి మళ్లీ బయటికి రాగలవని చూపాడు. 1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్టు ఆక్సైడును కనుగొన్నది. 1985లో జపానులో అకిరా యోషినో ప్రమాదకరమైన లిథియం లోహాన్ని తొలగించి, దాని స్థానంలో కర్బన పదార్థాన్ని పెట్టాడు. లోహం ఎంత ప్రమాదకరమో 1989లో రుజువయింది. కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ కంపెనీ లిథియం లోహపు బ్యాటరీలు జపాను ఫోనుల్లో మంటలు రేపడంతో వాటిని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాను బ్యాటరీని అంగడికి తెచ్చింది. పైన చెప్పిన ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97.

ఈ బ్యాటరీ ఎందుకు అరుగుతుంది? చార్జి చేసేటప్పుడు లిథియం అయానులు కోబాల్టు వైపునుంచి కర్బనం వైపుకు పోతాయి, వాడేటప్పుడు తిరిగి వస్తాయి. ఈ రాకపోకలు దోషరహితంగా సాగితే బ్యాటరీ చిరంజీవిగా వుండేది. కాని మొదటి చార్జిలోనే కర్బనం మీద, అది ద్రావకంతో కలిసేచోట, సన్నని పొర ఒకటి ఏర్పడుతుంది. ఈ పొర స్వభావాన్ని 1979లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు ఇమాన్యుయెల్ పెలెడ్ వివరించాడు. ఆ పొర లేకపోతే బ్యాటరీ నిలవదు, ఎందుకంటే అది ద్రావకాన్ని మరింత విచ్ఛిన్నం కాకుండా కాపాడుతుంది. అయితే అదే పొర ఏళ్ల తరబడి మెల్లగా మందమవుతూ, పనికొచ్చే లిథియాన్ని తనలో బిగించుకుంటుంది. ఉప్పునీళ్లు కాచే గిన్నె అడుగున గార పేరుకున్నట్టు ఇది సాగుతుంది. గార పేరుకున్న గిన్నెలో రెండు మార్పులు వస్తాయి. నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది, వేడి ఎక్కడమూ ఆలస్యమవుతుంది. బ్యాటరీ అరుగుదల కూడా రెండు రకాలుగానే వుంటుంది. ఒకటి, పట్టే చార్జి తగ్గడం. రెండు, లోపలి నిరోధం పెరిగి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగినప్పుడు ఇవ్వలేకపోవడం. ఈ రెంటినీ వేరుచేసి చూడకపోవడం వల్లనే చాలా గందరగోళం పుడుతున్నది.

ఈ అరుగుదల ఎంత సూక్ష్మమైనదో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. నిండు చార్జి ఒకసారి వాడటాన్ని ఒక ఆవృత్తి అంటారు. ఇవాళ సగం, రేపు సగం వాడినా కలిపి ఒకటే ఆవృత్తి. ప్రతి ఆవృత్తికీ వెయ్యింట ఒక పాలు మాత్రమే పోతుందనుకున్నా, 500 ఆవృత్తుల తరువాత మిగిలేది నూటికి 61 పాళ్లే. 500 ఆవృత్తుల తరువాత 80 పాళ్లు మిగలాలంటే ప్రతిసారీ పోయేది పదివేలింట నాలుగున్నర పాళ్లు దాటకూడదు. ఆవృత్తుల సంఖ్య వెయ్యి అయితే ఆ నష్టం అందులో సగానికి దిగాలి. మంచి బ్యాటరీకీ నాసిరకం బ్యాటరీకీ మధ్య తేడా ఇంత సన్నని చోట వుంది. కొన్ననాడు కంటికి కనిపించదు, ఏడాదో రెండేళ్లో గడిచాక గాని బయటపడదు. అందుచేత ఇక్కడ కొలత అవసరం ఇతర సరుకులకంటే ఎక్కువ.

మరి లిథియం బ్యాటరీకి హైడ్రోమీటరు వుందా? లేదు. అది మూసిన సంచీ. ద్రావకాన్ని పీల్చి చూడటానికి వీల్లేదు. వోల్టేజి చూద్దామంటే, వాడకంలో చాలాసేపు అది కొద్దికొద్దిగానే మారుతుంది, పైగా వేడికీ వాడకానికీ ఎగిరిపడుతుంది. అందుచేత ఇంజనీర్లు మరో దారి తొక్కారు. లోపలికి పోయే కరెంటునూ, బయటికి వచ్చే కరెంటునూ క్షణక్షణమూ లెక్కగట్టి జమాఖర్చు రాసే చిన్న చిప్పును బ్యాటరీ పక్కనే పెట్టారు. వడ్డీ వ్యాపారి గుమాస్తాలాగా అది రాత్రింబవళ్లు పద్దు రాస్తూనే వుంటుంది. 1995లో ఇంటెల్, డ్యూరసెల్ కంపెనీలు కలిసి ఈ పద్దు ఏ భాషలో రాయాలో ఒక ప్రమాణం ప్రకటించాయి. తయారైననాటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండితే పట్టేది ఎంత, ఎన్ని ఆవృత్తులు గడిచాయి అన్న పద్దులన్నీ అందులో వున్నాయి. లాప్‌టాప్ కంప్యూటర్ల యజమానులు వాటిని చదవగలిగారు.

ఇది చరిత్రలో ముఖ్యమైన ఘట్టమని నా అభిప్రాయం. అరుగుదలను లెక్కగట్టే విద్య స్మార్ట్‌ఫోను పుట్టేనాటికే సిద్ధంగా వుంది. ఫోను యజమానికి ఆ లెక్క కనపడకపోవడానికి శాస్త్రం వెనుకబడి వుండటం కారణం కానేకాదు. పద్దు వుంది, పద్దు పుస్తకం తాళం మాత్రం ఒకరి దగ్గరే వుంది.

2007వ సంవత్సరాన్ని ఇక్కడ ప్రత్యేకించి గుర్తుచేయాలి. ఆ ఏడు జూన్‌లో ఆపిల్ కంపెనీ మొదటి ఐఫోన్ అమ్మకానికి పెట్టింది. దాని బ్యాటరీని యజమాని తీయడానికి వీలు లేదు. అదే ఏడు ఆగస్టులో నోకియా కంపెనీ, మత్సుషిటా తయారుచేసిన బి.ఎల్.-5సి రకపు బ్యాటరీలు సుమారు 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే ప్రమాదం వుందని ప్రకటించింది. మన దేశంలోనూ ఆ వార్త పెద్ద కలకలం రేపింది. అప్పుడు జనం చేసిన పనేమిటి? గోటితో ఫోను వెనుక మూత తీసి, బ్యాటరీ మీద అచ్చువేసిన 26 అంకెల గుర్తు చదివి, తమది ఆ జాబితాలో వుందో లేదో విచారించుకున్నారు. వున్నవాళ్లకు కంపెనీ ఉచితంగా మార్చి ఇచ్చింది. మూత తీయగల ఫోను గనుక ఆ పని సాధ్యమయింది. ఒకే సంవత్సరంలో రెండు పద్ధతులు పక్కపక్కన నిలబడ్డాయి, గెలిచింది మూసిన పద్ధతి. 2015 నాటికి శామ్‌సంగ్ వంటి కంపెనీలు కూడా తమ ముఖ్యమైన ఫోనుల్లో బ్యాటరీని లోపల అతికించి మూసివేశాయి.

మూయడానికి కంపెనీలు చెప్పే కారణాలు వట్టి బూటకమని అనలేం. మూస్తే ఫోను పలచబడుతుంది, నీళ్లు దూరవు, ఖాళీ జాగాలో మరికొంత పెద్ద బ్యాటరీ పడుతుంది. ఇవన్నీ నిజమే. అయితే రెండు మూడేళ్లలో అరిగిపోవడం స్వభావంగా గల భాగాన్ని, అంతకంటే చాలాకాలం మన్నే భాగాల మధ్య అతికించినప్పుడు, మొత్తం వస్తువు ఆయుస్సు ఆ చిన్న భాగం ఆయుస్సుకు కుదించుకుపోతుంది. అప్పుడు ఆ భాగం స్థితి యజమానికి తెలియజేసే బాధ్యత మూసినవాడి మీద రెట్టింపవుతుంది. ఆ బాధ్యత పదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకోక తప్పని పరిస్థితి 2017లో వచ్చింది. అంతకుముందు ఏడు కొన్ని ఐఫోన్లు చార్జి మిగిలివుండగానే హఠాత్తుగా ఆగిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. నేను పైన చెప్పిన రెండోరకం అరుగుదల ఇక్కడ పనిచేసింది. చార్జి వుంది గాని, ఒక్కసారిగా అడిగిన కరెంటు ఇవ్వలేక వోల్టేజి కూలిపోయింది. 2017 జనవరిలో విడుదలైన ఐ.ఓ.ఎస్. 10.2.1తో ఆపిల్ ఆ ఫోనుల వేగానికి కళ్లెం వేసింది. కళ్లెం వేస్తే కరెంటు కోరిక తగ్గుతుంది, ఫోను ఆగిపోదు. ఇంజనీరింగు దృష్టితో చూస్తే ఇది తప్పేమీ కాదు, ఆగిపోయే ఫోనుకంటే నెమ్మదిగా నడిచే ఫోను నయమే. కాని ఈ సంగతి యజమానులకు విశదంగా చెప్పలేదు. వాళ్లకు తెలిసినదల్లా తమ ఫోను ముసలిదయిందని మాత్రమే. ముసలిదయితే ఏం చేస్తారు? కొత్తది కొంటారు.

డిసెంబరులో ఒక యజమాని బ్యాటరీ మార్పించుకుంటే తన ఫోను పాత వేగం తిరిగి వచ్చిందని బయటపెట్టాడు. 18వ తేదీన జాన్ పూల్ అనే కంప్యూటరు నిపుణుడు, వేలాది ఫోనుల వేగపు కొలతలను గీతలుగా గీసి ప్రచురించాడు. ఒకే రకం ఫోనుకు ఒకే శిఖరం వుండవలసిన గీతలో, కొత్త సాఫ్ట్‌వేరు తరువాత, దిగువన మరికొన్ని శిఖరాలు లేచాయి. సహజంగా వచ్చే అరుగుదల అలా మెట్లుమెట్లుగా వుండదు, ఎవరో మెట్లు కట్టారన్నమాట. రెండు రోజుల్లో కంపెనీ ఒప్పుకుంది, 28వ తేదీన క్షమాపణ చెప్పింది. అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్లనుంచి 29కి తగ్గించింది. 2018 మార్చిలో ఐ.ఓ.ఎస్. 11.3తో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో సెట్టింగుల్లో చూపడం మొదలుపెట్టింది. తరువాత 2020లో ఫ్రాన్సు ప్రభుత్వం రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే ఏడు అమెరికాలో, నేరం ఒప్పుకోకుండానే, వినియోగదారుల దావాను 50 కోట్ల డాలర్ల వరకూ చెల్లించి, పలు రాష్ట్రాల దావాను 11.3 కోట్ల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది.

ఈ కథలో జరిమానాలకంటే విలువైన సాక్ష్యం మరొకటి వుంది. 2019 జనవరి 2న ఆపిల్ అధిపతి టిమ్ కుక్ వాటాదారులకు రాసిన లేఖలో, రాబడి అంచనాకు తగ్గడానికి గల కారణాల్లో చౌకధరకు బ్యాటరీలు మార్చుకున్న వినియోగదారులను కూడా పేర్కొన్నాడు. అంటే అసలు జబ్బు ఏదో తెలిసి, మందు అందుబాటు ధరకు దొరికినప్పుడు, ఎందరో కొత్త ఫోను కొనడం మానుకున్నారని కంపెనీయే ఒప్పుకున్నట్టు. తెలియనప్పుడు వాళ్లు కొన్న ఫోనుల లెక్క ఏ లేఖలోనూ లేదు.

ఇక మన చేతికి వచ్చిన ఆ అంకెను ఎలా చదవాలో చూద్దాం. నా ఫోను 86 అని చూపుతున్నది. దానర్థం, కొత్తప్పుడు పట్టిన దానిలో ఇప్పుడు నూటికి 86 పాళ్లు పడుతుందని. ఇది అంచనాయే గాని తూచిన బరువు కాదు. చిప్పు రాసే పద్దులో చిన్న చిన్న పొరపాట్లు పేరుకుంటాయి, అప్పుడప్పుడు బ్యాటరీ బాగా ఖాళీ అయి పూర్తిగా నిండినప్పుడు లెక్క సరిచేసుకుంటుంది. అందుచేత ఒక వారంలో అంకె ఒకటి రెండు పాళ్లు దిగితే కంగారు పడనక్కరలేదు, ఏడాది పొడుగునా ఎటు పోతున్నదో చూడాలి. 80 అన్న హద్దు కూడా ప్రకృతి గీసిన గీత కాదు. టెలిఫోను ఎక్స్ఛేంజీల్లోనూ, విద్యుత్కేంద్రాల్లోనూ సీసపు బ్యాటరీలు 80కి దిగితే మార్చాలన్న ఇంజనీర్ల ఆచారం పాతది. ఫోనుల్లోనూ అదే అంకె పాటిస్తున్నారు. 78 చూపే ఫోను మీ పని రోజంతా చేస్తుంటే మార్చవలసిన పని లేదు. 85 చూపుతూ హఠాత్తుగా ఆగిపోతుంటే, రెండోరకం అరుగుదల వుందన్నమాట, మార్చవలసిందే. ఫోను వీపు ఉబ్బినా, తెర పైకి లేచినా ఏ అంకెనూ చూడనక్కరలేదు. చార్జి చేయడం ఆపి, పొడవకుండా, నొక్కకుండా మేస్త్రీకి చూపించాలి.

ఫోను తన మాట చెప్పకపోతే, లేక ఆ మాటమీద నమ్మకం లేకపోతే, మన కాలపు హైడ్రోమీటరు ఒకటి లేకపోలేదు. చార్జరుకూ ఫోనుకూ మధ్య పెట్టే చిన్న యు.ఎస్.బి. మీటరు కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది. ఫోను ఖాళీ చేసి, కట్టివేసి, నిండేదాకా ఎన్ని వాట్ గంటలు లోపలికి పోయాయో అది చూపుతుంది. 5000 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.85 వోల్టులు గల బ్యాటరీలో పట్టేది 19.25 వాట్ గంటలు. కొంత శక్తి వేడిగా పోతుంది గనుక మీటరు అంతకంటే ఎక్కువే చూపుతుంది. కొన్ననాడు ఒకసారి, ఏడాదికి ఒకసారి, అదే చార్జరుతో కొలిచి గోడమీద రాసుకుంటే, ఆ రెండు అంకెల తేడాయే అరుగుదల. ఈ పద్ధతి మోటుదే. అయినా కంపెనీది కాని కొలత చేతిలో వుండటంలో గొప్ప ధైర్యం వుంది.

మన ప్రాంతపు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రసాయన చర్యలన్నీ వేడికి వేగం పుంజుకుంటాయి, ఆ పొర మందమవడం కూడా అంతే. ఫోనును 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ సలహా ఇస్తుంది. వేసవిలో రెంటచింతలలో, రామగుండంలో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. మోటారుసైకిలు ముందు ఫోను బిగించుకుని, ఎండలో దారి చూసుకుంటూ, మధ్యమధ్య చార్జి చేసుకుంటూ రోజుకు పదిగంటలు తిరిగే కుర్రవాడి బ్యాటరీ, చల్లని గదిలో కూర్చున్న ఉద్యోగి బ్యాటరీకంటే ముందే అరుగుతుంది. పెట్టెమీద రాసిన ఆవృత్తుల లెక్క ప్రయోగశాల వాతావరణానికి సంబంధించినది. ఈ అరుగుదల ఖర్చును ఇవాళ భరిస్తున్నది ఆ కుర్రవాడే, అతనిచేత పని చేయించుకునేవాడు కాదు.

అతనికి అండగా వున్నది మరమ్మతు మేస్త్రీ. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీష్ మార్కెట్లో చిన్న బల్లల ముందు కూర్చుని, వేడిగాలితో జిగురు కరిగించి, సన్నని రేకుతో తెర లేపి బ్యాటరీ మార్చే యువకులను చూస్తే, ఆటోనగర్ మేస్త్రీల వారసులు వీళ్లేననిపిస్తుంది. తేడా ఏమిటంటే, పద్దు పుస్తకం తాళం వీళ్లకు ఇవ్వలేదు. 2019 ఆగస్టు నాటికి, కొన్ని కొత్త ఐఫోన్లలో బయటి మేస్త్రీ బ్యాటరీ మారిస్తే, అది అసలైనదే అయినా, ఆరోగ్యపు అంకె చూపకుండా సర్వీసు అవసరమన్న హెచ్చరిక వస్తున్నదని తెలిసింది. చేతిపని సరిగ్గానే వున్నా, యంత్రం మేస్త్రీని అనుమానించమని యజమానికి చెబుతున్నదన్నమాట. విమర్శలు వచ్చాక 2024లో ఐ.ఓ.ఎస్. 18తో ఈ కట్టడిని కొంత సడలించారు.

ఇప్పుడు చట్టాలు కదులుతున్నాయి. యూరపులో 2025 జూన్ 20నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, స్మార్ట్‌ఫోను బ్యాటరీ 800 ఆవృత్తుల తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఎన్ని ఆవృత్తులు గడిచాయో, ఎంత సామర్థ్యం మిగిలిందో యజమానికి కనపడాలి. 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18నుంచి, కొన్ని మినహాయింపులతో, చిన్న బ్యాటరీలను యజమానే తీసి మార్చుకోగలిగేలా వస్తువులు తయారుచేయాలి. మన దేశంలో 2022 జులైలో మరమ్మతు హక్కు గురించి కేంద్రప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది, ఆ ఏడు డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. అరిగిపోయిన బ్యాటరీలను ఉత్పత్తిదారులే సేకరించాలన్న నియమాలు కూడా 2022లోనే వచ్చాయి. అంటే బ్యాటరీ చచ్చాక ఎవరిది బాధ్యతో తేల్చాం. బతికి వుండగా అది ఎంత అరిగిందో చెప్పే బాధ్యత ఎవరిదో ఇంకా తేల్చలేదు.

సంతలో వంకాయలు తూచే తక్కెడకు ముద్ర వేసే శాఖ మనకు వుంది. పదిహేనువేల రూపాయల ఫోను ఆయుస్సును తూచే తక్కెడకు అటువంటి ముద్ర లేదు. సరుకు అమ్మినవాడే తక్కెడ కూడా తయారుచేశాడు, దాన్ని సరుకు లోపలే పెట్టి మూశాడు. సామర్థ్యం, ఆవృత్తులు ప్రతి ఫోనులోనూ, ధర ఎంతైనా సరే, తెలుగులో కూడా కనపడాలనీ, ఆ అంకె సరైనదో కాదో బయటి ప్రయోగశాల పరీక్షించాలనీ, పాత ఫోను కొనేవాడికి అమ్మేవాడు ఆ అంకె చూపి తీరాలనీ, బయటి మేస్త్రీ మార్చిన బ్యాటరీకి కూడా అదే పద్దు నడవాలనీ మనం అడగవచ్చు. ఇందులో కొత్తగా కనిపెట్టవలసిన శాస్త్రం ఏమీ లేదు. 1995నాటికే రాసిపెట్టిన పద్దును మన ఎదుట విప్పమనడమే ఇది. 2017 డిసెంబరులో యజమానులు గట్టిగా అడిగిన మీదట మూడు నెలల్లో కనిపించిన అంకె, అంతకుముందు పదేళ్లలో ఎన్నడూ కనపడలేదన్న సంగతి అడగబోయేవాళ్లు గుర్తుంచుకోవాలి.